పాత సైన్స్ ఫిక్షన్ సిరీస్‌కు కొత్తగా ఓటీటీ సినిమా: డెవలప్‌మెంట్ ఎలా సాగుతుంది, ఎక్కడ చెడుతుంది

ప్రశ్న ఇది: దశాబ్దాలుగా నడుస్తున్న ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ను కొనసాగిస్తూ నేరుగా ఓటీటీకి సినిమా తీయాలంటే కథ దశ నుంచి డెలివరీ దాకా పని ఎలా నడుస్తుంది? ‘ప్రిడేటర్’ సిరీస్‌లోని ‘ప్రే’ అంత బాగా కుదిరింది, ‘స్టార్ ట్రెక్: సెక్షన్ 31’ ఎందుకు కుదరలేదు?

రెండో ప్రశ్నకు జవాబు చెప్తే మొదటిదానికి సగం జవాబు వచ్చేస్తుంది. తేడా షూటింగ్‌లో పడలేదు, కాగితం మీదే పడింది. ‘ప్రే’ పాత సిరీస్ నుంచి అడిగింది ఒక్కటే: వేటాడే ఆ జీవి, దాని పద్ధతులు. మిగతాదంతా కొత్తగా కట్టుకుంది. ‘సెక్షన్ 31’ మాత్రం సీజన్ల కొద్దీ నడిపేందుకు అనుకున్న ముడిసరుకును గంటన్నర పైచిలుకు సినిమాలో కుక్కింది. డైరెక్టర్లను, నటులను తిట్టుకునే ముందు ఈ లెక్క చూడాలి.

కథ కంటే ముందు హక్కుల సంగతి. లైన్ అనుకుని, వెర్షన్ రాసుకుని, ఆ తర్వాత లాయర్ దగ్గరికి వెళ్లడం మన దగ్గర అలవాటు. అమెరికన్ స్టూడియోలో క్రమం తిరగబడుతుంది. సిరీస్ మొదటి సినిమా రచయితల ఒప్పందం మొదలుకొని ఈ రోజు దాకా హక్కు చేతులు మారిన ప్రతి కాగితాన్నీ వరసగా పేరుస్తారు. దీన్నే చైన్ ఆఫ్ టైటిల్ అంటారు. పాత సిరీస్‌లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక గండం ఉంది. 1978 నుంచి రచయిత స్వయంగా రాసిచ్చిన హక్కులను 35 ఏళ్లు గడిచాక వెనక్కి తీసుకునే వీలు అమెరికా కాపీరైట్ చట్టంలో ఉంది. నోటీసు కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 10 ఏళ్లు ముందే ఇవ్వాలి. ఉద్యోగిగానో, వర్క్ ఫర్ హైర్ (మొదటి నుంచీ హక్కు రాయించుకున్నవాళ్లదే అయ్యే) ఒప్పందం మీదో రాసినవాటికి ఇది వర్తించదు. 1987 నాటి ‘ప్రిడేటర్’ రాసిన అన్నదమ్ములు జిమ్ థామస్, జాన్ థామస్ సరిగ్గా ఈ సెక్షన్ పట్టుకునే 2021 ఏప్రిల్‌లో, సిరీస్ చేతిలో ఉన్న డిస్నీ మీద కోర్టుకెక్కారు. ‘ప్రే’ షూటింగ్ జరిగిన ఏడాదే అది. 2022 జనవరిలో రాజీ కుదిరింది, ఆగస్టు 5న సినిమా అమెరికా ఓటీటీ హులులో విడుదలైంది. రాజీ కుదరకపోయి ఉంటే తర్వాతి భాగాల గురించి ధీమాగా ఆలోచించడం కష్టమయ్యేది.

ఈ చట్టంలో మూడు కొసలు గుర్తుంచుకోవాలి. హక్కు వెనక్కి వెళ్లినా, అప్పటికే తీసిన సినిమాలను పాత ఒప్పందం ప్రకారం స్టూడియో చూపించుకోవచ్చు. కొత్తవి తీయడమే కుదరదు. వెనక్కి వెళ్లేది అమెరికా హక్కు మాత్రమే, బయటి దేశాలవి అలాగే ఉంటాయి. ఇక మొదటి సినిమాలో ఉన్నవి రచయితలకు వెళ్లినా, తర్వాతి భాగాల్లో స్టూడియో చేర్చిన కొత్త అంశాలు స్టూడియోవే. అందుకే డెవలప్‌మెంట్ మొదటి వారంలోనే ఒక పట్టిక వేయాలి. ప్రతి వరసలో ఒక అంశం: జీవి, ఆయుధం, ఓడ, సంస్థ పేరు, శబ్దం, సంగీతంలోని బిట్. పక్కన అది మొదట ఏ భాగంలో కనిపించింది, ఎవరిది, వాడితే ఎవరికి డబ్బు కట్టాలి, టైటిల్స్‌లో ఎవరి పేరు వేయాలి. అమెరికా రచయితల సంఘమైన రైటర్స్ గిల్డ్ నిబంధనల కింద తొలి రచయితకు ప్రత్యేక హక్కులు ఉంటే కొనసాగింపు తీసిన ప్రతిసారీ చెల్లింపు ఉంటుంది. రచయితకు ఈ పట్టిక ముందే చూపించండి. మూడో డ్రాఫ్టులో కథకు ప్రాణమైన వస్తువు మీద లాయర్ చెయ్యి పెడితే మొత్తం విప్పి కుట్టాలి.

తర్వాత, కథ ఏ కాలంలో కూర్చోవాలన్నది. కొనసాగింపు అనగానే అందరూ చివరి భాగం తర్వాత ఏం జరిగిందని మొదలుపెడతారు. ఓటీటీ సినిమాకు చాలాసార్లు అదే తప్పు దారి. చివరి భాగం తర్వాత అంటే అన్ని భాగాల బరువూ మోయాలి, పాత నటులు కావాలి, వాళ్ల డేట్లు కావాలి, చూడనివాళ్లకు వెనకటి కథ చెప్పాలి. బుద్ధిగల టీములు ఖాళీ వెతుకుతాయి. ‘ప్రే’ 1719కి వెళ్లింది, ఉత్తర అమెరికా మైదానాల్లో కమాంచీ తెగ మధ్యకు. ఆ కాలం గురించి సిరీస్ అప్పటిదాకా ఏమీ చెప్పలేదు కాబట్టి విరోధం వచ్చే అవకాశమే లేదు. పైగా మెషిన్ గన్లు, హెలికాప్టర్లు లేని చోట ఆ జీవి మళ్లీ భయపెడుతుంది. ఒక్క నిర్ణయంతో హక్కులు, బడ్జెట్, భయం మూడూ తేలాయి. ‘ఏలియన్: రోములస్’ది 2142. మొదటి ‘ఏలియన్’ కథ 2122లో, ‘ఏలియన్స్’ 2179లో జరుగుతాయి. మధ్యలో ఆ రెండింటి నాయిక రిప్లీ అంతరిక్షంలో నిద్రలో తేలుతూ ఉంటుంది కాబట్టి ఆ ఖాళీలో ఆమెను పిలవక్కర్లేదు.

ఖాళీ దొరికితే చాలదు. ‘సెక్షన్ 31’ కూడా ఖాళీలోనే కూర్చుంది. మొదటి ‘స్టార్ ట్రెక్’ సిబ్బందితో వచ్చిన సినిమాలకూ ‘నెక్స్ట్ జనరేషన్’ సిరీస్‌కూ మధ్య, అభిమానులు లాస్ట్ ఎరా అనే కాలం. కానీ దాని నాయిక ఫిలిప్పా జార్జియో అక్కడికి ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ‘స్టార్ ట్రెక్: డిస్కవరీ’ సిరీస్ చూసి ఉండాలి. ఆమె అద్దపు విశ్వపు (అవే మనుషులకు ప్రతిరూపాలున్న వేరే విశ్వపు) చక్రవర్తి. అదే ముఖంతో ఉన్న కెప్టెన్ ఇంకో విశ్వంలో చనిపోయింది. ఆ తర్వాత ఈమె భవిష్యత్తుకు వెళ్లి, అక్కడి నుంచి కాలంలో వెనక్కి వచ్చింది. కాలం ఖాళీగా ఉన్నా పాత్ర ఖాళీగా లేదు. ఖాళీ వెతికేటప్పుడు రెండూ చూడాలి: తేదీ, పాత్ర గతం. పాత్ర గతాన్ని రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ పాత్ర ఓటీటీ సినిమాకు నాయికగా పనికిరాదు. సహాయ పాత్రగా వాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు రోగం దగ్గరికి వద్దాం. ‘సెక్షన్ 31’ 2019 జనవరిలో సిరీస్‌గా ప్రకటించారు. ఏళ్లు గడిచాయి, జార్జియోగా నటించిన మిషెల్ యో ఆస్కార్ గెలిచింది, 2023 ఏప్రిల్‌లో అది సినిమా అయిందని చెప్పారు. క్రెయిగ్ స్వీనీ రాశారు, ఒలటుండే ఒసున్‌సాన్మీ డైరెక్షన్, 2024 మొదట్లో టొరంటోలో షూట్, 2025 జనవరి 24న పారామౌంట్ ప్లస్‌లో విడుదల. సిరీస్‌గా అనుకున్నది సినిమా కావడం ఈ రోజుల్లో మామూలే. కానీ సిరీస్ సరుకు సినిమాలోకి రావాలంటే కత్తిరిస్తే చాలదు, మళ్లీ పుట్టాలి.

లెక్క చూడండి. నాయిక కాకుండా బృందంలో అలోక్, క్వాసీ, ఫజ్, జెఫ్, మెల్, రేచల్ గారెట్: ఆరుగురు. ఒక్కో పాత్రను పరిచయం చేసి, దానికో లక్షణం ఇచ్చి, ఒక సంబంధం నాటడానికి కనీసం 3 నిమిషాలు అనుకున్నా 18 నిమిషాలు. విలన్‌కు, నాయికతో అతని పాత లెక్కకు ఇంకో 10. ప్రపంచం, ఆయుధం, మిషన్ వివరించడానికి 8 నుంచి 10. అక్కడికే 35 నిమిషాలు దాటాయి, ఇంకా కథ కదల్లేదు. సిరీస్‌లో ఇది మొదటి ఎపిసోడ్ పని, తప్పేమీ లేదు. 95 నిమిషాల సినిమాలో మాత్రం మూడో వంతు పోయినట్టే. ఆ మూడో వంతును దాచడానికి ఎడిటింగ్ వేగం పెంచుతారు, జోకులు చల్లుతారు. ప్రేక్షకుడికి గందరగోళం మిగులుతుంది.

సిరీస్ అవుట్‌లైన్ చేతికిచ్చి సినిమా చేయమంటే ఇలా వెళ్లండి. మొదట మొత్తం ఎపిసోడ్ల బీట్లను, అంటే కథను కదిపే ఒక్కో ఘటనను, కార్డుల మీద రాసి గోడకు అంటించండి. వాటిలో ఒక్క సంఘర్షణ మాత్రమే ఉంచండి. సాధారణంగా అది సీజన్ చివరి రెండు ఎపిసోడ్లలో ఉంటుంది, మొదటి ఎపిసోడ్‌లో ఉండదు. దాని నుంచి వెనక్కి వెళ్తూ, ఆ ముగింపు అర్థం కావడానికి తప్పనిసరైన కార్డులు మాత్రమే తీసుకోండి. మిగతావి వేరే పెట్టెలో వేసి మూసేయండి. పాత్రల సంఖ్య నాయిక, ప్రత్యర్థి, ఇద్దరు లేదా ముగ్గురు దగ్గర ఆపండి. ఇద్దరు చేసే పని ఒకరే చేయగలిగితే కలిపేయండి. చివర్లో సీక్వెల్‌కు తలుపు తెరిచే సీను ఉంటే తీసేసి చదవండి. సినిమా కుంటుపడితే ముగింపు ఇంకా దొరకలేదన్నమాట.

ఇదే పరీక్షకు ఇంకో రుజువు క్లోవర్‌ఫీల్డ్ సినిమాలు. సిరీస్‌తో సంబంధం లేని స్క్రిప్టును సిరీస్‌లోకి లాగడం అక్కడ రెండుసార్లు జరిగింది. ‘ది సెల్లార్’ అనే స్క్రిప్టు 2016లో ‘10 క్లోవర్‌ఫీల్డ్ లేన్’ అయింది. ‘గాడ్ పార్టికల్’ అనేది ‘ది క్లోవర్‌ఫీల్డ్ పారడాక్స్’ అయి 2018 ఫిబ్రవరి 4న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ కాగానే నెట్‌ఫ్లిక్స్‌లో ప్రత్యక్షమైంది. మొదటిది ఆడింది, రెండోది నవ్వులపాలైంది. మొదటిదాంట్లో బంకర్ లోపలి కథ తనంతట తాను పూర్తి. సిరీస్ లంకె చివర్లో వస్తుంది. రెండోదాంట్లో లంకె కోసం భూమి మీద వేరే సీన్లు మధ్యమధ్యలో వస్తూ, అంతరిక్ష కేంద్రంలో బిగిసిన టెన్షన్‌ను ప్రతిసారీ వదులు చేస్తాయి. లంకె ఎక్కడ పెట్టారన్నదే తేడా. అన్నట్టు ‘10 క్లోవర్‌ఫీల్డ్ లేన్’ డైరెక్టర్ డాన్ ట్రాక్టెన్‌బర్గే తర్వాత ‘ప్రే’ తీశారు. ఇది కాకతాళీయమని నేను అనుకోను.

కాగితాల క్రమం ఇలా ఉంటుంది. ఒకటి రెండు పేజీల ప్రతిపాదన. ఇందులో సిరీస్ పేరు మొదటి పేరాలో రాకూడదు, కథ వినిపించాలి. తర్వాత 10–15 పేజీల ట్రీట్‌మెంట్. మన వన్‌లైన్ ఆర్డర్ లాంటి సీన్ అవుట్‌లైన్, 40–60 సీన్లు. అప్పుడు డ్రాఫ్టు, 90–105 పేజీలు. పేజీకి నిమిషం లెక్క సైన్స్ ఫిక్షన్‌లో మోసం చేస్తుంది. ‘ఓడ కూలింది’ అని ఒక లైను రాస్తే తెర మీద 3 నిమిషాలు. మొదటి డ్రాఫ్టుకు మామూలుగా 10–12 వారాలు, రీరైట్‌కు 6–8, పాలిష్‌కు 3–4. మధ్యలో స్టూడియో చదివి నోట్స్ ఇవ్వడానికి 4 వారాలు అని ఒప్పందంలో రాస్తారు, 8 పడుతుంది. ప్లాట్‌ఫాం, స్టూడియో, సిరీస్ బాధ్యత చూసే నిర్మాత, ముగ్గురూ వేరువేరుగా నోట్స్ పంపితే రాయకండి. ఒక్క కాగితంగా కలిపి పంపమని అడిగే హక్కు ఏజెంట్ ద్వారా ఒప్పందంలోనే పెట్టించుకోవాలి. ఒకరు వివరణ పెంచమంటారు, ఇంకొకరు తగ్గించమంటారు. రెండూ చేస్తే డ్రాఫ్టు పాడవుతుంది.

డబ్బు విషయంలో ఓటీటీ పద్ధతి వేరు. ప్లాట్‌ఫాం నిర్మాణ ఖర్చు భరించి, పైన కొంత శాతం ఇస్తుంది. టికెట్ల మీద వాటా ఉండదు. 2023 రచయితల సమ్మె తర్వాత రైటర్స్ గిల్డ్ ఒప్పందంలో, 3 కోట్ల డాలర్లు అంతకు పైబడ్డ బడ్జెట్ ఓటీటీ సినిమాకు కథ, స్క్రీన్‌ప్లేలకు కనీస మొదటి పారితోషికం 1 లక్ష డాలర్లయింది. కనీసానికి రెట్టింపు లేదా అంతకు తక్కువకు మొదటి డ్రాఫ్టు రాస్తే రెండో దశ పని కూడా గ్యారంటీ. విడుదలైన మొదటి 90 రోజుల్లో ప్లాట్‌ఫాం దేశీయ చందాదారుల్లో 20 శాతానికి సమానమైన వీక్షణలు వస్తే రెసిడ్యువల్ (విడుదల తర్వాత ప్రదర్శనలకు రచయితకు వచ్చే చెల్లింపు) మీద 50 శాతం బోనస్. ఈ అంకెలు గిల్డ్ కనీసాలే. పేరున్నవాళ్లు పైన మాట్లాడుకుంటారు.

ఇక సిరీస్ జ్ఞాపకాలను ఎంత వాడాలన్నది. దీనికి బడ్జెట్‌లాగే పరిమితి పెట్టుకోవాలి. నా లెక్కలో గంటన్నర సినిమాకు పాత అభిమానులకు మాత్రమే తగిలే సూచనలు ఐదు దాటకూడదు. వాటిలో ఏదీ అర్థం కాకపోయినా సీను పనిచేయాలి. ‘ప్రే’లోని చెకుముకి పిస్తోలు చక్కని నమూనా. ‘ప్రిడేటర్ 2’ చివర్లో ఆ జీవి మనిషికి ఇచ్చే పాత పిస్తోలు మీద రాఫేల్ అడోలినీ పేరు, 1715 సంవత్సరం చెక్కి ఉంటాయి. ‘ప్రే’లో అదే పిస్తోలు నాయిక నారు చేతికి వస్తుంది. 1990 సినిమా చూసినవాళ్లకు ఒళ్లు ఝల్లుమంటుంది. చూడనివాళ్లకు అది కథలో ఒక ఆయుధం, అంతే. మొదటి సినిమాలోని ప్రసిద్ధమైన డైలాగు కూడా ఒక్కసారి వస్తుంది, సందర్భంలో ఇమిడిపోయి. ‘రోములస్’ అలాంటి పాత డైలాగును వాడిన చోట సీను కంటే డైలాగే పెద్దదై పైకి తేలింది. హాల్లో ఈల పడి ఉండొచ్చు, కానీ పాత్ర నోటి నుంచి రాలేదు.

దీనికంటే ముఖ్యం నియమాలు. పాత సిరీస్ నుంచి తెచ్చుకోవాల్సిన విలువైన సరుకు ఇదే. ప్రిడేటర్ ఒంటి వేడిని చూస్తుంది, ఆయుధం లేనివాళ్లను వదిలేస్తుంది, సవాలు విసిరేవాళ్లనే వేటాడుతుంది. ఈ మూడింటి మీదే ‘ప్రే’ ముగింపు నిలబడింది. ఒళ్లు చల్లబరిచే నారింజ రంగు పువ్వు ముందు వైద్యంగా కనిపిస్తుంది, తర్వాత ఆయుధమవుతుంది. ఊబిలో నారు ముందే ఒకసారి మునిగి బయటపడుతుంది, చివర్లో శత్రువును అక్కడికే లాక్కొస్తుంది. ముసుగు చూపిన చోటికే బాణం వెళ్తుందని ఆమె కళ్లారా చూస్తుంది, దాన్నే తిప్పికొడుతుంది. నాటడం, కోయడం మధ్య ప్రతిదానికీ కనీసం 20 పేజీల దూరం ఉంచండి. మీ అవుట్‌లైన్ పక్కన రెండు నిలువు గీతలు గీసి, నాటిన సీను నంబరు, కోసిన సీను నంబరు రాయండి. ఒకవైపు ఖాళీగా ఉన్న ప్రతి వరసా డ్రాఫ్టులో ఒక రంధ్రం.

ట్రీట్‌మెంట్ దశలోనే పరీక్ష పెట్టండి. సిరీస్ అసలు చూడనివాళ్లు ముగ్గురు, అన్నీ చూసినవాళ్లు ఇద్దరు. బాగుందా అని అడగకండి. ఎవరికి ఏం కావాలి, ఏ పేజీలో తెలిసింది, ఎక్కడ వెనక్కి తిప్పి చదివారు, ఈ మూడే అడగండి. చూడని ముగ్గురూ ఒకే పేజీలో వెనక్కి తిప్పితే ఆ సమాచారాన్ని డైలాగుతో పూడ్చకండి. అక్కడ సమాచారమే అక్కర్లేకుండా సీను మార్చండి.

బడ్జెట్ దగ్గర కొంచెం ఆగాలి. ‘ప్రే’కు సుమారు 6.5 కోట్ల డాలర్లు, ‘రోములస్’కు సుమారు 8 కోట్లు. థియేటర్ సైన్స్ ఫిక్షన్‌తో పోలిస్తే ఇవి మధ్యతరగతి బడ్జెట్లు. 100 పేజీల స్క్రిప్టు, రోజుకు 2 పేజీల వేగం, అంటే 50 రోజుల షూటింగ్. సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్), స్టంట్లు ఎక్కువుంటే రోజుకు పేజీన్నర, వెంటనే 65 రోజులు దాటతారు. డబ్బు అక్కడ పోతుంది. అందుకే స్క్రిప్టులో లొకేషన్ల సంఖ్యే అసలు మీట. ‘ప్రే’ ఎక్కువగా కెనడాలోని అల్బర్టాలో, కాల్గరీ పరిసరాల్లో, ఆరుబయట తీశారు. అడవి, నది, గడ్డి మైదానం సెట్ ఖర్చు తినవు. వాతావరణం మాత్రం తింటుంది, దానికి 10 శాతం రోజులు అదనంగా వేసుకోవాలి. అంతరిక్ష ఓడ కథైతే ఒకే కారిడార్ సెట్టును లైటింగ్, తలుపులు మార్చి నాలుగు డెక్‌లుగా వాడేలా స్క్రిప్టులోనే రాయాలి. ఆర్ట్ డైరెక్టర్ తర్వాత సర్దుకుంటాడులే అనుకుంటే సర్దుకోడు.

జీవిని సూటులో మనిషిగా చేయాలా, పూర్తి సీజీనా? ‘ప్రే’లో డేన్ డిలీగ్రో సూటులో నటించాడు, సూటు చేసింది అమాల్గమేటెడ్ డైనమిక్స్, దానిమీద సీజీ తోడైంది. నటుల కళ్లు ఎక్కడ చూడాలో తెలుస్తుంది, ఒంటి మీద నీళ్లు, బురద నిజంగా పడతాయి. కానీ సూటు తయారీకి 4 నెలలు పడుతుంది కాబట్టి జీవి రూపం రెండో డ్రాఫ్టు నాటికే ఖరారు కావాలి. సూటులో మనిషి ఎక్కువసేపు ఉండలేడు, చూపు సరిగా ఆనదు. అతని షాట్లు వరసగా పెట్టకుండా మధ్యలో వేరే షాట్లు షెడ్యూల్ చేయాలి. సెట్‌లో ప్రతి సీజీ షాట్‌కూ క్లీన్ ప్లేట్ (నటులు లేని ఖాళీ షాట్), వెలుగు తీరు పట్టుకోవడానికి బూడిద రంగు, క్రోమ్ బంతుల షాట్లు, హెచ్‌డీఆర్‌ఐ ఫొటోలు, లొకేషన్‌ను లేజర్‌తో కొలిచే లైడార్ స్కాన్ తీసుకోవాలి. హడావిడిలో వీటిని వదిలేస్తే ఒక్కో షాట్‌కు పోస్టులో రోజులు పెరుగుతాయి. ఎడిట్ లాక్ కాకముందే షాట్లు వీఎఫ్‌ఎక్స్‌కు పంపడం ఇంకో పెద్ద వృథా. సీక్వెన్సుల వారీగా లాక్ చేసి పంపండి, కష్టమైన సీక్వెన్సు ముందు.

పాత నటుల ముఖాల గురించి ఒక్క మాట. చనిపోయిన నటుడి రూపాన్ని కుటుంబం అనుమతితో వాడినా చిక్కు తీరదు. మొదటి ‘ఏలియన్’లో రోబోగా నటించిన ఇయాన్ హోమ్ ముఖాన్ని ‘రోములస్’లో అనుమతితోనే వాడారు. అయినా విమర్శలు వచ్చాయి, ఇంట్లో చూసే వెర్షన్‌కు ఆ షాట్లను మళ్లీ దిద్దాల్సి వచ్చింది. అదే మోడల్ రోబోకు కొత్త ముఖం ఇచ్చినా ఆ కథ నడిచేదే.

ఓటీటీ చూసే తీరు స్క్రిప్టులోకి ఎలా రావాలి? మన రచయితలకు మొదట అడ్డొచ్చేది ఇంటర్వెల్. ఓటీటీ సినిమాలో ఇంటర్వెల్ బ్యాంగ్ లేదు. మధ్యలో మలుపు ఉండాలి, కానీ దాని తర్వాత మళ్లీ నెమ్మదిగా ఎత్తుకునే ద్వితీయార్థం రాయకూడదు. నెట్‌ఫ్లిక్స్ 2023 జూన్ నుంచి మొత్తం చూసిన గంటలను సినిమా నిడివితో భాగించి వీక్షణలు లెక్కిస్తోంది. అంటే సగంలో ఆపినవాడు సగం వీక్షణే. మొదటి 10 నిమిషాల్లో సిరీస్ చరిత్ర చెప్పే వాయిస్ ఓవర్ పెడితే వదిలేసేవాళ్లు అక్కడే వదిలేస్తారు. నాయిక చేసే ఒక పని, అందులో ఒక ఓటమి, దానితో మొదలుపెట్టండి.

చీకటి సీన్లు ఇంకో ఉచ్చు. రంగులు దిద్దే డీఐ థియేటర్లో అందంగా కనిపించే నల్లటి ఓడ లోపలి భాగం, తక్కువ బిట్‌రేట్‌లో, పగటిపూట హాల్లో టీవీ మీద చూస్తే చారలు చారలుగా విడిపోతుంది. ఖరీదైన టీవీలకు చేసే డాల్బీ విజన్ గ్రేడ్‌తో పాటు మామూలు టీవీలకు చేసే ఎస్‌డీఆర్ ట్రిమ్‌ను ఒక సాదా టీవీ మీద, గదిలో లైటు వేసి చూసి ఆమోదించండి. నటుల ముఖం మీద ఎప్పుడూ ఏదో ఒక ఆధారమున్న వెలుగు ఉండేలా సెట్‌లోనే చూసుకోవాలి, గ్రేడింగ్‌లో అది పుట్టదు. శబ్దం సంగతి కూడా అంతే. నెట్‌ఫ్లిక్స్ అడిగేది డైలాగు ఆధారంగా కొలిచిన సగటు −27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (శబ్దం బిగ్గరతనానికి కొలత), 2 అటూ ఇటూ, గరిష్ఠం −2 డెసిబెల్. థియేటర్ మిక్స్‌ను యథాతథంగా పంపితే పేలుళ్లకు వాల్యూం తగ్గించి, మాటలకు పెంచుతూ చూసేవాడి చేతిలో రిమోట్ అలసిపోతుంది. ఇంటి మిక్స్ వేరుగా, చిన్న గదిలో చేయాలి. ఆ శ్రద్ధకు ఫలితం కూడా దక్కుతుంది: నేరుగా ఓటీటీకి వచ్చిన ‘ప్రే’ ఎమ్మీల టీవీ సినిమా విభాగంలో పోటీ పడి, సౌండ్ ఎడిటింగ్‌కు గెలిచింది.

డబ్బింగ్‌ను చివరి పనిగా చూడకండి. సంగీతం, ఎఫెక్ట్‌లు డైలాగు నుంచి పూర్తిగా విడిగా ఉన్న ట్రాక్ ఇవ్వాలి. జీవి గొంతు శబ్దం డైలాగు ట్రాక్‌లో కలిసిపోతే తెలుగు వెర్షన్‌లో జీవి మూగబోతుంది లేదా ఎవరో నోటితో అనుకరిస్తారు. కల్పిత పేర్లు, ఆయుధాలు, గ్రహాలు, వాటి ఉచ్చారణ, గత భాగాల్లో ఏ భాషలో ఏమని వచ్చాయో ఒక పదపట్టిక తయారుచేయాలి. అందులోనే ఎవరు ఎవర్ని ఏమంటారో రాయాలి. ఇంగ్లీషులో అందరూ ‘యూ’ అనుకుంటారు, తెలుగులో కెప్టెన్‌ను ‘మీరు’ అనే సిబ్బంది ఏ సీను నుంచి ‘నువ్వు’ అంటారో ఎవరో ఒకరు నిర్ణయించాలి. పట్టిక లేకపోతే ఒక్కో సీనులో ఒక్కోలా వస్తుంది. ‘ప్రే’ను పూర్తిగా కమాంచీ భాషలో, అదే నటులతో డబ్ చేశారు, నిర్మాత జేన్ మైయర్స్ కమాంచీ మనిషి.

ఒప్పందంలో ఇంకో వాక్యం మర్చిపోవద్దు: ఓటీటీకని తీసిన సినిమా థియేటర్‌కు మారితే ఏమిటి? ‘రోములస్’ హులు కోసం మొదలై 2024 ఆగస్టులో థియేటర్లకు వెళ్లింది, ప్రపంచవ్యాప్తంగా సుమారు 35 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అలా మారినప్పుడు రచయితకు, డైరెక్టర్‌కు అదనంగా ఎంత, ఏ వసూలు దగ్గర బోనస్ అన్నది ముందే రాసి ఉండాలి. మారాక అడిగితే ఎవరూ ఎత్తరు. సాంకేతికంగా కూడా తలుపు తెరిచే ఉంచండి: 4కే మాస్టర్, అట్మాస్ స్టెమ్‌లు (మాటలు, సంగీతం, ఎఫెక్ట్‌ల విడి ట్రాక్‌లు), పెద్ద తెర మీద నిలిచే రిజల్యూషన్‌లో సీజీ. 2కేలో రెండర్ చేసిన ఓడను తర్వాత పెంచడం కుదురుతుంది గానీ ఖర్చు, గడువు రెండూ పెరుగుతాయి.

హైదరాబాద్‌లో కూర్చుని ఇలాంటి సిరీస్‌కు స్క్రిప్టు రాసి స్టూడియోకు పంపితే చదువుతారా అంటే, చదవరు. ఏజెంట్ లేకుండా వచ్చినదాన్ని, తర్వాత కథ కాపీ కొట్టారన్న కేసు రాకుండా, తెరవకుండానే వెనక్కి పంపుతారు. పైగా వాళ్ల పాత్రలతో మీరు రాసినదాన్ని ఇంకెక్కడా అమ్ముకోలేరు. ‘ది సెల్లార్’, ‘గాడ్ పార్టికల్’ వెళ్లిన దారి చూడండి: రెండూ సొంత ప్రపంచంలో రాసిన స్క్రిప్టులు. ఒక గది, ఐదు పాత్రలు, ఒక్క వింత నియమం ఉన్న మీ సొంత కథ రాసుకుంటే అది సినిమాగానూ అమ్ముడవుతుంది, ఎవరి సిరీస్‌కైనా నమూనాగానూ పనికొస్తుంది.